సీపీయూ చోట ఫోన్: డెక్స్ మీద జీఎస్టీ పని ఎంతవరకు నడుస్తుంది?

సముద్రం దగ్గర ఇల్లంటే అందరూ అదృష్టమంటారు. ఆ గాలి కంప్యూటర్‌ని ఏం చేస్తుందో మాత్రం మా లాసన్స్ బే కాలనీ వాళ్లని అడగాలి. సీపీయూ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి లాగుతుంది, గాలితో పాటు ఉప్పు తేమా వెళ్తుంది. మా పాత డెస్క్‌టాప్ వెనక పోర్టుల అంచులన్నీ ఎర్రగా తుప్పు పట్టాయి. క్యాబినెట్ విప్పుదామని స్క్రూ తిప్పితే దాని తల ఊడి చేతికొచ్చింది. చివరికి స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ స్క్రీన్ మీద ఏమీ రాని స్థితికి చేరింది. డాబాగార్డెన్స్‌లో రిపేరు కుర్రాడు చూసి, "ఈ ప్రాసెసర్‌కి సరిపోయే బోర్డు కొత్తది రాదు మేడమ్. సెకండ్ హ్యాండ్‌ది వేస్తాను గానీ గ్యారంటీ ఇవ్వలేను" అన్నాడు. దాని మీద ఖర్చు పెట్టే ముందు, చేతిలో ఉన్న ఫోన్‌నే డెక్స్ అనే ఏర్పాటుతో మానిటర్‌కి కలిపి ఎంతవరకు నెట్టుకురావచ్చో చూద్దామనుకున్నాను. అప్పటినుంచి నా టేబుల్ మీద సీపీయూ లేదు.

ముందే చెప్పేస్తాను. నా పనిలో ఎక్కువ భాగం ఫోన్ మీదే అయిపోతోంది, కొన్నయితే పాత కంప్యూటర్ మీద కన్నా హాయిగా అవుతున్నాయి. కానీ కొన్ని పనులకి ఇప్పటికీ విండోస్ ముందు కూర్చోవాల్సిందే. ఏవి ఎటు పడతాయో తెలియకుండా ఇందులోకి దిగితే తలనొప్పి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను పార్ట్‌టైమ్‌గా చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తాను. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ కిరాణా వాళ్లు, అక్కయ్యపాలెంలో ఎలక్ట్రికల్ షాపు, ఎంవీపీ కాలనీలో మందుల షాపులు, ఇలాంటివి. బిల్లులు రాసుకోవడం, జీఎస్టీ రిటర్న్‌లు వేయడం, సంవత్సరం చివర ఆడిటర్ గారికి కాగితాలు సర్ది ఇవ్వడం. వీడియో ఎడిటింగ్ లాంటివి నాకు తెలియవు, కాబట్టి వాటి సంగతి ఇందులో వెతక్కండి.

నా ఫోన్ గెలాక్సీ ఎస్23 ఎఫ్‌ఈ, 8 జీబీ ర్యామ్‌ది. శాంసంగ్ పెద్ద ఫోన్లలో డెక్స్ అని ఒకటి ఉంటుంది. ఫోన్‌ని వైరుతో మానిటర్‌కి కలిపితే, ఫోన్ స్క్రీనే పెద్దగా కనిపించడం కాకుండా, మానిటర్ మీద విడిగా ఒక డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. కింద టాస్క్‌బార్, కిటికీల్లా తెరుచుకునే యాప్‌లు, మౌస్ బాణం, రైట్ క్లిక్, ఆల్ట్ ట్యాబ్ అన్నీ ఉంటాయి. మానిటర్ మీద ఎక్సెల్ నడుస్తుంటే ఫోన్ స్క్రీన్ మీద వేరే పని చేసుకోవచ్చు. మౌస్ లేకపోతే ఫోన్ స్క్రీన్‌నే టచ్‌ప్యాడ్‌గా వాడుకోవచ్చు. కంప్యూటర్ అలవాటున్న వాళ్లెవరికైనా కూర్చున్న వెంటనే చేయి తిరుగుతుంది.

కొనాల్సినవి పెద్దగా లేవు గానీ, కొనేటప్పుడు జాగ్రత్త కావాలి. మానిటర్ 22 అంగుళాలది, ద్వారకానగర్‌లో ఏడు వేల లోపు వచ్చింది. ఫోన్‌కి ఉన్న ఒక్క పోర్టుకి మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ కలిపే యూఎస్‌బీ హబ్ పద్దెనిమిది వందలు. కీబోర్డు, మౌస్ కలిపి వెయ్యి. కీబోర్డు మాత్రం పక్కన నంబర్ ప్యాడ్ ఉన్న పెద్దదే తీసుకున్నాను. ఫోన్‌తో వాడుకోవడానికని ముచ్చటగా ఉండే చిన్న బ్లూటూత్ కీబోర్డులు చూపిస్తారు, వాటిలో నంబర్ ప్యాడ్ ఉండదు. రోజంతా అంకెలు కొట్టేవాళ్లకి అవి పనికిరావు.

హబ్ సంగతి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే. మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన హబ్ కాసేపు బాగానే నడిచి, వేడెక్కగానే స్క్రీన్ ఆరిపోయి మళ్లీ వెలిగేది. ఆరిపోయినప్పుడల్లా తెరిచిన కిటికీలన్నీ చెదిరిపోయేవి. వెనక్కి తీసుకునే మూడ్‌లో లేరు వాళ్లు, బ్రాండ్ పేరు ఎందుకులెండి. రెండోది షాపుకి వెళ్లి, నా ఫోన్, నా చార్జర్ పెట్టి, వాళ్ల మానిటర్‌కే తగిలించి, కాసేపు వీడియో ఆడనిచ్చి, అప్పుడు డబ్బు ఇచ్చాను. షాపతను మొహం ముడుచుకున్నాడు గానీ కాదనలేదు. హబ్‌లో చూసుకోవాల్సింది, ఫోన్‌కి చార్జింగ్ కూడా దాని గుండానే వెళ్లే పోర్టు ఉందా లేదా అని. అది లేకపోతే హబ్‌కీ కీబోర్డుకీ మౌస్‌కీ కరెంటు ఫోన్ బ్యాటరీలోంచే పోతుంది, మధ్యాహ్నానికల్లా మీ ఆఫీసు మూసుకోవాల్సిందే.

ఇంకో ముఖ్యమైన మాట. టైప్-సి పోర్టు ఉన్న ప్రతి ఫోనూ మానిటర్‌కి బొమ్మ పంపలేదు. బయటికి రంధ్రం ఒకేలా ఉంటుంది, లోపల తీగలు వేరు. చాలా మధ్య తరగతి ధర ఫోన్లలో అది యూఎస్‌బీ 2.0 పోర్టు, దాంట్లోంచి డేటా, చార్జింగ్ తప్ప బొమ్మ బయటికి రాదు. బొమ్మ రావాలంటే ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనేది ఉండాలి. వైరు విషయమూ అంతే. ఫోన్ డబ్బాలో వచ్చే చార్జింగ్ వైరు టైప్-సి మానిటర్‌కి పెట్టి, బొమ్మ రాలేదని కూర్చుంటే లాభం లేదు, ఎక్కువ వాటిలో బొమ్మ మోసే తీగలే ఉండవు. శాంసంగ్‌లో ఎస్ వరస, వాటి ఎఫ్‌ఈలు, పాత నోట్‌లు, మడతపెట్టే ఫోల్డ్‌లు డెక్స్ ఇస్తాయి. మనవాళ్లు ఎక్కువగా కొనే 'ఏ' (A) వరస ఫోన్లు ఇవ్వవు, ఒకటీ అరా తప్ప. మోటరోలా ఎడ్జ్ ఫోన్లు కొన్నింట్లో ఇలాంటి సదుపాయమే వేరే పేరుతో ఉంది. పిక్సెల్‌లో 8 నుంచి బొమ్మ బయటికి వస్తుంది. ఐఫోన్ 15కి టైప్-సి వచ్చింది కదా అని ఆశపడకండి, అది ఫోన్ స్క్రీన్‌నే పెద్దగా చూపిస్తుంది, డెస్క్‌టాప్ తెరవదు.

రుషికొండ ఐటీ పార్కులో పనిచేసే మా తమ్ముడు నా టేబుల్ చూసి, "అక్కా, ఇది పదిహేనేళ్ల పాత కల" అన్నాడు. వాడు చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ కలిపితే కథ ఇది. 2011లో మోటరోలా ఏట్రిక్స్ అనే ఫోన్‌ని, లోపల ఏమీ లేని ఉత్తి ల్యాప్‌టాప్ డొక్కలో గుచ్చితే కంప్యూటర్‌లా పనిచేసేది. 2013లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లు ఎడ్జ్ అనే ఫోన్ కోసం జనం దగ్గర 3.2 కోట్ల డాలర్లు పోగుచేద్దామని బయలుదేరితే 1.28 కోట్ల దగ్గర ఆగిపోయింది, ఫోన్ తయారే కాలేదు. 2015లో మైక్రోసాఫ్ట్ లూమియా 950తో ఇలాంటిదే కంటిన్యుయమ్ అని తెచ్చింది. విండోస్ ఫోనే పోయాక అదీ పోయింది. 2017లో ఎస్8తో డెక్స్ వచ్చింది. మొదట్లో దానికి ఫోన్‌ని గుచ్చే డాక్ ఒకటి విడిగా కొనాలి. 2018లో నోట్ 9 నుంచి మామూలు హెచ్‌డీఎంఐ అడాప్టర్ చాలన్నారు. చాలామంది వదిలేసిన దాన్ని శాంసంగ్ వాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఆండ్రాయిడ్ 16తో గూగుల్ కూడా సొంత డెస్క్‌టాప్ ఏర్పాటు మీద పడింది, దానికి డెక్స్ అనుభవాన్నే వాడుకుంది. కాబట్టి ఇంకో రెండేళ్లలో మాయమైపోతుందేమోనన్న భయం నాకు తగ్గింది.

ఇక పని. ఫోన్ అన్నిటికన్నా ఎక్కడ నెగ్గుతుందో చెబుతాను: వాట్సాప్ బిల్లులు. మా షాపుల వాళ్లెవరూ బిల్లులు స్కాన్ చేసి మెయిల్‌లో పంపరు. కౌంటర్ మీద బిల్లు పెట్టి, ఫోన్ వంకరగా పట్టుకుని ఫొటో కొట్టి వాట్సాప్‌లో వేస్తారు. పూర్ణా మార్కెట్ బిల్లుల మీద పసుపు మరకలుంటాయి, ఒక్కోసారి పక్కనే ఉన్న ఎండుమిర్చి గింజలు కూడా ఫొటోలో పడతాయి. ఇంతకుముందు వాటిని కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి వాట్సాప్ వెబ్ తెరిచి, క్యూఆర్ కోడ్ చూపించి, డౌన్‌లోడ్ చేసి, ఏ ఫోల్డర్‌లో పడ్డాయో వెతుక్కుని నానా యాతన. ఇప్పుడు ఫొటో వచ్చింది ఫోన్‌కి, నా కంప్యూటరూ ఫోనే. ఎడమవైపు సగం స్క్రీన్‌లో బిల్లు, కుడివైపు సగంలో షీట్. మౌస్ చక్రం తిప్పి జీఎస్టీ నంబర్ దగ్గరికి జూమ్ చేస్తాను.

ఆ నంబర్ పదిహేను అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. మనది 37, తెలంగాణది 36. గుంటూరు నుంచి మిర్చి వస్తే 37, అప్పుడు పన్ను సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానిది) అని రెండు సగాలుగా పడుతుంది. హైదరాబాద్ నుంచి అగరుబత్తీలు వస్తే 36, అప్పుడు మొత్తం ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటి వచ్చే సరుకు మీద పన్ను. బిల్లు వంకరగా ఉండి, కార్బన్ కాపీ అయితే ఆరుకీ ఏడుకీ తేడా ఫోన్ స్క్రీన్ మీద తెలిసి చావదు. 22 అంగుళాల మీద ఏడు కాలు ఎటు వంగిందో కనిపిస్తుంది. పక్కన షీట్‌లో పన్ను కాలమ్ కూడా ఉంది కాబట్టి రెండూ పొసగకపోతే వెంటనే పట్టుకుంటాను. నాకు డెక్స్ మీద ప్రేమ పుట్టింది ఈ ఒక్క పనితోనే.

జీఎస్టీ పోర్టల్ బ్రౌజర్‌లో బాగానే నడుస్తుంది. డెస్క్‌టాప్ సైట్ అనే టిక్ పెట్టుకుంటే మామూలు కంప్యూటర్‌లో ఎలా కనిపిస్తుందో అలాగే వస్తుంది. షాపు కొన్న సరుకు మీద పన్నుల జాబితా, జీఎస్టీఆర్‌-2బీ అంటారు, ప్రతి నెలా 14న తయారవుతుంది కదా, దాన్ని ఎక్సెల్ ఫైలుగా దించుకుని నా షీట్‌తో పోల్చడం, పన్ను కట్టే రిటర్న్ 3బీ నింపడం, చలానా తీయడం, అన్నీ అవుతున్నాయి. మూడు నెలలకోసారి వేసే చిన్న షాపులకి మన రాష్ట్రంలో గడువు 22, నెలనెలా వేసేవాళ్లకి 20. ఆ రెండు తేదీల మధ్య పోర్టల్ నెమ్మదించినప్పుడు ఏ కంప్యూటర్ అయినా ఒకటే, దానికి ఫోన్‌ని అనలేం.

ఒక్క ఇబ్బంది ఉంది. ర్యామ్ నిండినప్పుడు ఆండ్రాయిడ్ వెనకాల ఉన్న ట్యాబ్‌ని చెప్పకుండా మూసేసి, మళ్లీ మనం వెళ్లినప్పుడు మొదటినుంచి తెరుస్తుంది. సగం నింపిన ఫారం ఉంటే అది గోవిందా. పోర్టల్‌లో పని చేసేటప్పుడు పక్కన ఎక్సెల్, వాట్సాప్ తప్ప ఇంకేమీ తెరవను, ప్రతి టేబుల్ దగ్గరా సేవ్ కొట్టుకుంటూ పోతాను. 8 జీబీకి ఈ మాత్రం సర్దుబాటు తప్పదు. కొత్తగా కొనేవాళ్లు 12 జీబీ ఉన్నది చూసుకుంటే మంచిది.

రిటర్న్ చివర ఓటీపీ కొట్టాలి. అది షాపు యజమాని ఫోన్‌కి వెళ్తుంది, నాకు కాదు. పూర్ణా మార్కెట్‌లో మా పెద్దాయన ఒకాయన ఉన్నారు, కొట్లో ఎంత రద్దీ ఉన్నా నా ఫోన్ ఎత్తుతారు. "అమ్మా, మెసేజి వచ్చీసింది, రాసుకోండి" అంటారు. వెనకాల మూటలు దించేవాళ్ల కేకల్లో ఆయన అంకెలు చెప్పడం, నేను మళ్లీ చదివి వినిపించడం. ఇక్కడ నా కంప్యూటరే నా ఫోన్ కాబట్టి మొదట్లో గందరగోళంగా ఉండేది. ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంటే వైరు లాగుతుంది, వైరు కదిలితే డెస్క్‌టాపే పోతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాక ఆ సమస్య తీరింది. ఇప్పుడు కాల్ నడుస్తూనే మానిటర్ మీద ఓటీపీ కొట్టేస్తాను. ఒకసారి ఆయన మా ఇంటి మీదుగా వెళ్తూ కాగితాలివ్వడానికి వచ్చి నా టేబుల్ చూసి, "ఏటమ్మా, ఫోనుని టీవీకి కట్టీసేరు?" అన్నారు. రిటర్న్ ఎంతవరకొచ్చిందో ఆ టీవీలోనే చూపించాను.

టాలీ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. లెక్కలు రాసుకునే టాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రామ్, ఆండ్రాయిడ్‌లో వేసుకునే దారి లేదు. ఆడిటర్ గారి ద్వారకానగర్ ఆఫీసులో ఒక కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది, దాంట్లోకి రిమోట్‌గా వెళ్లి పని చేస్తాను. అంటే నా ఫోన్ అక్కడ కేవలం కిటికీ, పని జరిగేది వాళ్ల కంప్యూటర్‌లో. నెట్ బాగుంటే పక్క గదిలో కూర్చుని చేసినట్టే ఉంటుంది. టాలీ అంటే ఎఫ్ కీలు: సేల్స్‌కి ఎఫ్8, పర్చేజ్‌కి ఎఫ్9, పేమెంట్‌కి ఎఫ్5. నేను మొదట పెట్టుకున్న రిమోట్ యాప్‌లో ఆ కీలు అవతలికి వెళ్లేవి కావు, వేరే యాప్‌కి మారాక వెళ్లాయి. కాబట్టి ఈ దారిలో వెళ్లేవాళ్లు మొట్టమొదట చూసుకోవాల్సింది ఎఫ్8 నొక్కితే సేల్స్ ఓచర్ వస్తుందా లేదా అని. మీకు అలా వాడుకోనిచ్చే ఆఫీసు కంప్యూటర్ లేకపోతే, క్లౌడ్‌లో టాలీ అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. నెలనెలా డబ్బు కట్టాలి, అప్పుడు ఆదా అన్న మాట మర్చిపోవడమే.

అసలు దారే లేనివి కొన్నున్నాయి. మా వాళ్లలో ఒకటి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. కంపెనీలూ ఎల్ఎల్‌పీలూ జీఎస్టీ రిటర్న్‌కి డిజిటల్ సంతకం పెట్టాల్సిందే, ఓటీపీతో కుదరదు. ఆ సంతకం పెన్‌డ్రైవ్‌లా ఉండే టోకెన్‌లో ఉంటుంది, దానికి ఎమ్‌సైనర్ అనే ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో నడుస్తుండాలి. ఫోన్‌కి హబ్ గుండా ఆ టోకెన్ గుచ్చినా ఉపయోగం లేదు. జీఎస్టీ వాళ్ల ఆఫ్‌లైన్ టూల్ కూడా విండోస్‌కే. ఫోన్ ఎక్సెల్‌లో మ్యాక్రోలు, అంటే షీట్ లోపల రాసిన చిన్న ప్రోగ్రామ్‌లు, నడవవు, ఆడిటర్ గారు ఎప్పుడో రాయించిన బ్యాలెన్స్ షీట్ ఫైల్ తెరుచుకుంటుంది గానీ అందులో బటన్లు నొక్కితే ఉలకదు, పలకదు. ఈ పనులన్నీ మూటగట్టుకుని వాళ్ల ఆఫీసుకే వెళ్తాను. నెలలో ఒక పూట ఎటూ అక్కడికి వెళ్లాల్సిన పని ఉంటుంది కాబట్టి నాకు సరిపోయింది. చేతిలో కంపెనీలే ఎక్కువగా ఉన్నవాళ్లు డెక్స్ మీద ఆశ పెట్టుకోవద్దు.

బ్యాంకు యాప్‌ల సంగతి ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. కొన్ని మానిటర్ మీద నిక్షేపంగా తెరుచుకుంటాయి. మా వాళ్ల ఖాతా ఉన్న ఒక బ్యాంకు యాప్ మాత్రం పెద్ద స్క్రీన్ మీదికి తెస్తే నల్లగా ఉండిపోతుంది, భద్రత కోసమంటారు. దాన్ని ఫోన్ స్క్రీన్ మీదే తెరిచి స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకుంటాను. ఫైలు ఎటూ అదే ఫోన్‌లో ఉంటుంది కదా, పెద్ద నష్టం లేదు.

తెలుగు టైపింగ్ గురించి అడిగేవాళ్లుంటారు. ఫోన్‌లో వేలితో కొట్టినంత హాయిగా బయటి కీబోర్డుతో తెలుగు నాకు కుదరలేదు. ఫోన్ స్క్రీన్ మీదే కీబోర్డు తెచ్చుకుని కొడితే అక్షరాలు మానిటర్ మీద పడతాయి, లేదంటే నోటితో చెప్పేస్తే అదే రాసుకుంటుంది. ఈ వ్యాసం సగం అలా చెప్పిందే. కానీ కాలనీ అసోసియేషన్ కరపత్రం డీటీపీ చేసే అబ్బాయి పంపిన ఫైలు తెరవబోతే సున్నా. అది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసింది. మన తెలుగు అచ్చు పని చాలావరకు ఇంకా అక్కడే ఉంది, అదంతా విండోస్ లోకం. వినాయక చవితి చందాల కరపత్రంలో ఒక్క పేరు మార్చాలన్నా ఆ అబ్బాయికే ఫోన్ చేయాలి. డీటీపీ పని ఉన్నవాళ్లకి డెక్స్ గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ప్రింటింగ్ గురించి ఒక ముక్క. వైఫై ప్రింటర్ అయితే ఫోన్‌లోంచి నేరుగా పోతుంది. ఇంట్లో ఉన్న పాత యూఎస్‌బీ లేజర్ ప్రింటర్‌ని హబ్‌కి తగిలిస్తే గుర్తుపట్టలేదు. మద్దిలపాలెం జిరాక్స్ షాపతనికి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి, కూరగాయలకి వెళ్లినప్పుడు తెచ్చుకుంటున్నాను.

వేడి. ఎండాకాలం మధ్యాహ్నం విశాఖ ఉక్కపోతలో, చార్జింగ్ ఎక్కుతూ మానిటర్ నడుపుతూ ఉంటే ఫోన్ బాగా వేడెక్కుతుంది. కవరు తీసేసి, బల్ల మీద పడుకోబెట్టకుండా చిన్న స్టాండ్‌లో నిలబెట్టి, టేబుల్ ఫ్యాన్ అటువైపు తిప్పితే సరిపోతోంది. రోజంతా చార్జర్‌కి తగిలించి ఉంచితే బ్యాటరీ పాడవుతుందన్న టెన్షన్ ఉంటే, సెట్టింగ్స్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్‌కి వెళ్లి గరిష్ఠ పరిమితి 80 శాతానికి పెట్టుకోండి, అక్కడ చార్జింగ్ ఆపేస్తుంది. ఫోన్‌లో ఫ్యాన్ లేదు కాబట్టి ఉప్పుగాలి లోపలికి లాక్కునే పనీ లేదు. కానీ టైప్-సి పోర్టు ఒక్కటే ఉంది, అన్ని పనులూ దాంతోనే, అది పోతే ఆఫీసు మొత్తం పోయినట్టే. అందుకని వైరు రోజుకి పదిసార్లు పెట్టి తీయకుండా, హబ్ చివర ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ పెడదామని చూశాను. బొమ్మ తెగిపోయింది. నేరుగా పెట్టడమే మేలు.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఇది దేవుడిచ్చిన వరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లం, ఈ ఊళ్లో ఇన్వర్టర్ అంటే విలాసం కాదు. పాత సీపీయూకి యూపీఎస్ కుయ్ కుయ్ మంటుంటే పరిగెత్తుకెళ్లి ఫైళ్లు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఇన్వర్టర్ మీద ఉన్నది చిన్న మానిటర్, ఫోన్ చార్జర్, వైఫై డబ్బా. ఇన్వర్టరూ లేకపోతే మానిటర్ ఒక్కటే ఆరిపోతుంది, షీట్ ఫోన్‌లో అలాగే ఉంటుంది, నెట్ సిమ్‌లోంచి వస్తుంది. టైప్ చేసింది ఒక్క అక్షరం పోదు.

వైరు లేకుండా స్మార్ట్ టీవీకి కూడా డెక్స్ పంపొచ్చు. హాల్లో మా ఆయనకి క్రికెట్ పెట్టి ఇవ్వడానికి బాగుంది. అంకెలు కొట్టే పనికి మాత్రం మౌస్ ఒకచోట, బాణం ఒకచోట. నేను ఒక పూట చూసి మానేశాను.

ఇక నేను ముందు ఊహించని సంగతి. డెస్క్‌టాప్ అంటే ఇంటిది. నేను పూర్ణా మార్కెట్‌కి వెళ్తే మా అమ్మాయి కూర్చునేది, వాళ్ల నాన్న సాయంత్రం టికెట్లు బుక్ చేసుకునేవారు. ఇప్పుడు నేను గడప దాటితే ఇంట్లో కంప్యూటర్ కూడా నాతో పాటు బ్యాగులో ఆటో ఎక్కేస్తుంది. ఇంట్లో మిగిలేది ఖాళీ మానిటర్, కీబోర్డు. ఇంటర్ చదివే పిల్లకి ప్రాజెక్టు పని పడ్డ రోజు ఇది అర్థమైంది. నా ఫోన్ దానికిచ్చి కూర్చోబెడదామంటే అందులో షాపుల వాళ్ల లెక్కలు, నా బ్యాంకు, నా వాట్సాప్ అన్నీ ఉన్నాయి, మధ్యలో పూర్ణా మార్కెట్ ఫోన్లు. షాపుల ఫైళ్లన్నీ తాళం ఉండే సెక్యూర్ ఫోల్డర్‌లోకి మార్చి, కాపీలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నాను, ఫోన్ పోతే ఏమిటన్న బెంగ వల్ల. అయినా ఫోన్ పంచుకోవడం వేరు, కంప్యూటర్ పంచుకోవడం వేరు. ఒంటరిగా ఉండే ఉద్యోగికో, హాస్టల్ పిల్లలకో ఈ గొడవ లేదు. నలుగురున్న ఇంట్లో ఒక్క కంప్యూటర్ తీసేసి ఒకరి ఫోన్ పెడితే, మిగతా ముగ్గురికీ కంప్యూటర్ లేనట్టే.

డబ్బు లెక్క చూస్తే, చేతిలో డెక్స్ ఉన్న ఫోన్ ఇప్పటికే ఉంటే మరో పది వేలతో పని అయిపోతుంది, తీసుకోండి. దీనికోసమే పెద్ద ఫోన్ కొందామనుకుంటే వద్దంటాను. ద్వారకానగర్‌లో రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లు అంతకన్నా చాలా తక్కువకి వస్తాయి, టాలీ కూడా అందులో నడుస్తుంది, టోకెన్ కూడా గుచ్చుకోవచ్చు. అయితే సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో పెట్టకండి.

మా తమ్ముడు ఆఫీసు మార్చినప్పుడు తన సొంత పాత ల్యాప్‌టాప్ మేనకోడలికి ఇచ్చేశాడు. దాని స్క్రీన్ ఒక మూల పగిలింది, అందుకని మా అమ్మాయి దాన్ని తెచ్చి నా మానిటర్ రెండో పోర్టుకే తగిలించింది. ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్లు రెండు, మానిటర్ ఒకటి. 22వ తేదీ రిటర్న్‌లు అయ్యేదాకా అది నాదని, ఆ తర్వాత దానిదని ఒప్పందం. సెలవుల్లో మాత్రం ఆ ఒప్పందం చెల్లదట.